కరుణాకర్ నాటిన గుంజ

కరుణాకర్ ఎడమ ముంజేతి మీద నాలుగు గీతలున్నాయి. నంద్యాలలో వెల్డింగ్ షాపు నడిపే మనిషి కాబట్టి ఏ రేకో కోసుకుని ఉంటుందని చూసినవాళ్ళు అనుకుంటారు. రేకు కాదు, కత్తులు. ఇరవై రెండేళ్ళలో అతను చేసిన కత్తులు రెండు వందల పైమాటే. వాటిలో నాలుగే నాలుగు పరీక్ష తప్పాయి, ఆ నాలుగూ అతని చేతినే గీరాయి. ఇంకెవరి ఒంటినీ తాకలేదు. ఈ సంగతి నోటితో చెప్పుకునే రకం కాదు గానీ, చలికాలంలో కూడా పొట్టి చేతుల చొక్కాయే తొడిగేవాడు. ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. తప్పేముందో చివరికి అతనికే తెలిసొచ్చింది.

ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, శనగ కోతలు అయిపోయాక, ఏటా ఫిబ్రవరి చివరి శనివారం ఒక యుద్ధం జరుగుతుంది. కుంపిణీ దొరల కాలంలో ఒక పాళెగాడు కొండ కనుమలో చెంచులను తోడు తెచ్చుకుని దొరల పటాలాన్ని ఒక పగలంతా నిలబెట్టేశాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ పగటిని ఇప్పుడు గంటన్నరలో పోరాడి చూపిస్తారు. నలభై మంది కత్తులవాళ్ళు, పన్నెండు మంది తుపాకులవాళ్ళు, కొండమీది గూడెం నుంచి వచ్చే పదిమంది విలుకాండ్రు. పాణ్యం నుంచీ బనగానపల్లె నుంచీ కూడా జనం ట్రాక్టర్లలో వస్తారు. అంతటినీ నడిపించేది రామేశ్వరమ్మ. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, డెబ్బై ఏళ్ళు దాటినా గొంతు ఇప్పటికీ చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఆయుధాలు చేసేది, ఎవరు ఎక్కడ నిలబడాలో ఎప్పుడు పడాలో నేర్పేది మాత్రం కరుణాకర్. అందుకే అందరూ అతన్ని యుద్ధం మేస్త్రీ అంటారు, తర్వాత తర్వాత ఉత్త మేస్త్రీ అయ్యాడు.

అసలు ఈ పనిలోకి అతన్ని దించింది చర్చి. పద్దెనిమిదేళ్ళప్పుడు గుడ్‌ఫ్రైడే నాటకానికి రోమా సైనికుడి బల్లెం చేసివ్వమన్నారు. కుర్రతనం, పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం. ఇనుప మొన పెట్టి నిగనిగలాడేలా సానబట్టాడు. ఆ రాత్రి క్రీస్తు వేషం కట్టిన దేవదానం మాస్టారి పక్కలోంచి నిజంగానే రక్తం కారింది. గాయం చిన్నదే. మాస్టారు నవ్వేసి, "బాగా చేసినావ్‌లే రా" అని వీపు తట్టాడు. జనం ఆ రక్తం చూసి వెక్కి వెక్కి ఏడ్చారు. అంత గొప్పగా ఆ నాటకం ముందూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు అన్నారు. కరుణాకర్ మాత్రం వేషాలు మార్చుకునే గదిలో గోడకు ఆనుకుని బల్లెం మొన మీది రక్తం తుడుస్తూ కూర్చున్నాడు. తన చేతిలో తయారైన వస్తువు మనిషిని కోయకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు.

అందుకే రామేశ్వరమ్మ షాపుకొచ్చి నలభై కత్తులు కావాలన్నప్పుడు, తన పద్ధతికి ఒప్పుకుంటేనే చేస్తానన్నాడు. కత్తి అంచు అయిదు రూపాయల బిళ్ళంత మందం ఉండాలి. దెబ్బలు అంకెలు లెక్కపెడుతూ వేయాలి. యుద్ధం మొదలయ్యే ముందు ప్రతివాడూ వచ్చి తన కత్తిని మేస్త్రీ ముంజేతి మీద ఒత్తిపెట్టి లాగాలి. ఏ కత్తి మీదైనా పొరపాటున ఇనుప పెళ్ళ లేచి ఉంటే తన చేయే ముందు గీరుకుంటుంది. రానురాను అదొక ఆచారమైంది. దాన్ని చూడడానికే జనం అరగంట ముందు వచ్చి చోటు పట్టుకునేవాళ్ళు. ఒక్కొక్క కత్తీ చేతి మీద నడుస్తుంటే పిల్లలు లెక్కపెట్టేవాళ్ళు. నలభై అవగానే రామేశ్వరమ్మ మైకందుకుని, "మన మేస్త్రీ కరుణాకర్! ఇన్నేండ్లలో ఒక్క చుక్క రక్తం కారనీల్యా!" అని అరిచేది. అప్పుడు పడే చప్పట్లు పాళెగాడికి కూడా పడేవి కావు.

తుపాకుల దగ్గర ఇంకా జాగ్రత్త. గొట్టంలో మందు తప్ప గుండు లేదు, రవ్వ లేదు, కాగితం ముక్క కూడా పెట్టనివ్వడు. అయినా మనిషి మీదికి గురిపెట్టకూడదన్నది అతని పట్టుదల. మొదట పేలేది ఒక్క తుపాకే. దాన్ని శ్రీనివాసులు పేలుస్తాడు, తిరునాళ్ళలో ఔట్లు కాల్చే మనిషి. అతనికి ముప్పై అడుగుల దూరంలో సున్నం గీత, దాని మీద మొదటి విలుకాడు. ఆ విలుకాడికి పక్కగా, జనానికి అవతలి వైపున, ఆరడుగులు విడిచి కరుణాకర్ ఒక తుమ్మగుంజ నాటి తలకు సున్నం పూస్తాడు. శ్రీనివాసులు గురి ఆ గుంజ మీద. ఇవతలి నుంచి చూసే జనానికి మాత్రం మనిషి గుండెల్లోకే కాల్చినట్టుంటుంది. మొదటి పదిహేనేళ్ళూ ఆ గీత మీద పడింది పాపయ్య. మోకాళ్ళు పట్టేశాక కొడుకు ప్రతాప్ పడుతున్నాడు, ఏడేళ్ళుగా. "మా నాయన పడిన తావులోనే నేనూ పడ్తాండా" అని నవ్వేవాడు. ఆ యుద్ధంలో ముందుగా ప్రాణమిచ్చింది చెంచు మనిషి అన్న మాట మైకులో వినిపించే రోజు గూడేనికి పండగే. పసిపిల్లలను కూడా భుజాల మీద ఎక్కించుకుని దిగొచ్చేవాళ్ళు.

పోయిన ఏడాది ఎవరో డ్రోన్ ఎగరేశారు. అన్నిటికీ మూలం అదే అని తర్వాత చాలామంది అన్నారు గానీ, గాల్లో ఎగిరే ఆ బొమ్మ పాపం ఏం చేసింది, ఉన్నది ఉన్నట్టు చూపించింది. పైనుంచి చూస్తే గుట్టంతా బయటపడింది. తుపాకీ ఒక దిక్కుకు, పడే మనిషి ఇంకో దిక్కున. వీడియో ఫోన్లలో తిరిగింది. "పక్కనపోయే గాలికి సచ్చినాడప్పా" అని ఒకడు రాస్తే, "గుంజను కాల్చి మనిషిని సంపిన మొనగాడు" అని ఇంకొకడు. షాపుకొచ్చిన ప్రతివాడూ అదే చూపించి నవ్వడం. కరుణాకర్ కూడా నవ్వాడు, ఏం చేస్తాడు. కానీ లోపల తల కొట్టేసినట్టయింది. కత్తులకు ఏటా నలభై సార్లు చేయి అడ్డం పెట్టినవాడిని ఒక్క వీడియో జోకరును చేసింది.

ఈ ఏడు రిహార్సల్సు మొదలవుతూనే రామేశ్వరమ్మ అందరినీ కూర్చోబెట్టింది. "చూసేటోళ్ళు నవ్వితే సచ్చినోళ్ళకు మర్యాద యాడుంటాది? కొంచెం నిజమనిపించేట్టు చేయండప్పా" అంది. శ్రీనివాసులు వైపు తిరిగి, "నీ తుపాకీ చప్పుడు టపాకాయంత గూడా రాల్యా" అంది. అంతే. ఎవరినీ ఏదీ మార్చమనలేదు. ఇద్దరూ తలలూపారు.

శుక్రవారం ఆఖరి రిహార్సల్లో గుంజ ఆరడుగుల దగ్గరే ఉంది. శనివారం పొద్దున ఇంకా ఎవరూ రాకముందు కరుణాకర్ ఒక్కడే మైదానానికి పోయి దాన్ని పీకాడు. తెచ్చి గీత మీద ప్రతాప్ నిలబడే చోటికి రెండడుగుల దగ్గర నాటి, కొత్తగా సున్నం పూశాడు. పాత గుంతను కాలితో మన్ను తోసి పూడ్చాడు. ఉత్త మందు ముప్పై అడుగులు దాటి ఏం చేస్తుంది? పొగ తప్ప ఏముంది అందులో? మనసులో ఈ లెక్క రెండుసార్లు వేసుకున్నాడు, రెండుసార్లూ సరిగ్గానే వచ్చింది. ప్రతాప్‌కు చెప్పాలా అనుకున్నాడు. చెబితే బెదిరి పక్కకు జరుగుతాడేమో, చూడ్డానికి బాగుండదు అనుకుని ఊరుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరికీ చెప్పకుండా అతను మార్చింది అదొక్కటే.

సరిగ్గా ఆ సమయానికే శ్రీనివాసులు ఇంటి దగ్గర ఇటుకరాయి దంచుకుంటున్నాడు. ఔటు గట్టిగా పేలాలంటే మందు మీద ఇటుక పొడి పోసి కూరతారు. వాళ్ళ తాత నాటి నుంచీ తిరునాళ్ళలో అదే పద్ధతి. ఔటు నోరు ఆకాశంలోకి ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. తుపాకీలో పోయకూడదని మేస్త్రీ చెప్పిన మాట అతనికి గుర్తుంది. కానీ గుంజ మనిషికి ఆరడుగుల అవతల ఉంటుంది కదా, పొడి పోయినా కొండ దిక్కుకు పోతుంది అనుకున్నాడు. మేస్త్రీ మందును నమ్మి గుంజను జరిపాడు, ఇతను గుంజను నమ్మి మందు మీద పొడి పోశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మధ్యాహ్నం నలభై కత్తులూ కరుణాకర్ చేతి మీద నడిచాయి. ఒక్క గీత పడలేదు. మైకులో పేరు మోగింది. చప్పట్లు పడ్డాయి. తర్వాత తుపాకీ పేలింది, అంత చప్పుడు ఆ మైదానంలో ఎప్పుడూ వినలేదు. ప్రతాప్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని పడిపోయాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఇది గదా యుద్ధం అంటే అని వెనకనుంచి ఎవరో అరిచారు. కరుణాకర్ మాత్రం అతను పడిన తీరు చూశాడు. ఎడమ భుజం మీద ఒరిగి విల్లు ఒంటి కిందికి రాకుండా పడమని అతనికి నేర్పింది తనే. ప్రతాప్ బోర్లా పడి ఉన్నాడు, విల్లు కడుపు కింద విరిగి ఉంది. కరుణాకర్ ఈలల మధ్యనే పరుగెత్తాడు.

జీపు తెచ్చి ఎక్కించారు. పాపయ్య కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ప్రతాప్ భార్య అనిత నడుస్తున్న జీపులోకి ఎగిరి ఎక్కింది. ఇంకొకరికి చోటు లేదు. దుమ్ములో నిలబడిన కరుణాకర్ ఏం చేశాడంటే, చెప్పడానికే సిగ్గేసే పని చేశాడు. తిన్నగా గుంజ దగ్గరికి పోయి పీకి సంచిలో వేసుకున్నాడు. ప్రతి ఏడూ తీసే గుంజే. కానీ ప్రతి ఏడూ కత్తులన్నీ సర్ది, అందరికీ వీడ్కోలు చెప్పి, ఆఖరున తీస్తాడు.

ప్రతాప్ ఎడమ కన్ను పోయింది. నంద్యాలలో చూసి కర్నూలుకు పంపారు, అక్కడ కంట్లోంచి ఇటుక రేణువులు తీశారు, చూపు మాత్రం ఇక రాదన్నారు. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని పోయారు. ఆ తర్వాత రామేశ్వరమ్మ ఇంటి వసారాలో కమిటీ కూర్చుంది. శ్రీనివాసులు దాచలేదు. ఏడుస్తూనే చెప్పాడు.

"పోసినా మేడమ్. చప్పుడు రాల్యా అన్న్యారని పిడికెడు పోసినా. గుంజ ఆరడుగుల అవతల ఉంటాది గదా అని పోసినా. నేను గుంజ తల మీదనే గురిపెట్టినా, ఇంకో దిక్కు చూడల్యా, మా అమ్మ మీద ఒట్టు. ఆ పిల్లోడు గీత దాటి ఇటు జరిగినట్టుండాడు. లేకుంటే తగిలేదే ల్యా."

గీత చూద్దామంటే జనం తొక్కిడికి చెరిగిపోయింది. ఈసారి డ్రోన్ తుపాకీ పేలాకే పైకి లేచింది, వీడియోలో పొగ తప్ప ఏమీ కనిపించలేదు. రామేశ్వరమ్మ కళ్ళజోడు తీసి కరుణాకర్ వైపు చూసింది. "గుంజ సరిగ్గానే ఉండెనా కరుణాకర్?"

"ఎప్పుడూ నాటేది నేనే గద మేడమ్."

అది అబద్ధం కాదు. జవాబూ కాదు. కానీ ఇరవై రెండేళ్ళుగా మైకులో ఆ పేరు అరిచిన మనిషికి అది చాలు. ఆమె కాగితం మీద రాసుకుంది. 'ప్రతాప్ తన గీత దాటి జరిగినందువల్ల.' మూలన కూర్చున్న కమిటీ మనిషి ఒకడు, "ఆళ్ళకు చెప్పినా ఎక్కదు మేడమ్. వచ్చే ఏడు నుంచి గూడెమోళ్ళను పిలిచేది వద్దు" అన్నాడు. ఆమె ఆ మాట కొట్టేయలేదు, ఒప్పుకోనూలేదు. ఈస్టర్ ముందు వారం అందరూ సంతకాలు పెట్టాలని చెప్పి లేచింది. కరుణాకర్ ఇంటికొచ్చేదాకా ఒకటే అనుకున్నాడు, తప్పు ఇటుక పొడిది, నాది కాదు.

ఆ తర్వాత నెలపైన గడిచింది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాలు కావడంతో భార్య లూదియా ఉపవాసాలుంటోంది, అంగన్‌వాడీ పనికి పోయొచ్చి సాయంత్రం చర్చికి పోతోంది. కరుణాకర్ కూడా తినడం తగ్గించాడు, భక్తి అనుకుంది ఆమె. ఎండలు మండుతున్నా పొడుగు చేతుల చొక్కా తొడుగుతున్నాడు. దానికీ ఏమీ అనలేదు. చర్చి పిల్లలు గుడ్‌ఫ్రైడే నాటకానికి బల్లెం అడగడానికొస్తే, చేయి బాగాలేదని పంపేశాడు. ఆ మాట విన్న రోజు లూదియా ఇల్లు సర్దుతూ బియ్యం డబ్బా వెనకనుంచి గుంజను బయటికి తీసింది.

"ఇది ప్రతి ఏడూ షాపులో కత్తుల పక్కన ఉంటాది గదయ్యా. ఈడికెందుకు వచ్చింది?"

కరుణాకర్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. ఆపైన అంతా చెప్పేశాడు. పొద్దున పీకింది, రెండడుగుల దగ్గర నాటింది, పాత గుంత పూడ్చింది, సంచిలో దాచింది. చెప్పడం అయ్యాక కొంచెం తేలికపడ్డాడు. ఆ తేలికతనం లూదియా ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"నాకు చెప్తే ఏమొస్తాది? నేను ఆ గీత మీద నిలబడల్యా" అంది. గుంజను తుడిచి అతని సంచిలో పెట్టి, సంచిని గడప దగ్గర పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. అక్కడినుంచి అహోబిలం జీపు పట్టుకుని, సగం దారిలో దిగి, గూడేనికి నడిచాడు. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. ముందు ఇటుక పొడి సంగతి ఎత్తాలి, తర్వాత గుంజ సంగతి. అట్లయితే తన భాగం ఎంతో వాళ్ళకే అర్థమవుతుంది. పాపం, అప్పటికీ అతనికి అంత తెలివి మిగిలే ఉంది.

పాపయ్య ఇంటి ముందు చెక్క బల్ల మీద ప్రతాప్ కూర్చుని ఉన్నాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. పక్కన అనిత చింతపండు గింజ తీస్తోంది. పాపయ్య భార్య చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉంది. కరుణాకర్‌ను చూడగానే ప్రతాప్ గబుక్కున లేచి నిలబడ్డాడు. తన చోట్లో కూర్చోబెట్టాడు. కరుణాకర్ నోరు తెరిచేలోపే అతను మొదలుపెట్టాడు.

"నువ్వే వస్తావనుకోల్యా మేస్త్రీ. నేనే నంద్యాలకు వచ్చి కనపడాలనుకుంటి. నీకు చెడ్డపేరు తెచ్చినా."

"ఏందీ?"

"ఇరవై రెండేండ్లు ఒక్క చుక్క పడనీకుండా చూసుకుంటివి. నాతో పోయె అంతా." ప్రతాప్ తల వంచుకున్నాడు. "ఆళ్ళంతా నేను జరిగినా అంటాంటే ముందు కోపమొచ్చింది. తర్వాత బాగా ఆలోచన చేసినా. నిజమే మేస్త్రీ. పేలేముందు ఒక్క తూరి పక్కకు చూస్తి. గుంజ నాకు శానా దగ్గరగా కనపడె. అరెరే, జరిగినట్టుండానే, ఎనక్కి పోదామనుకుంటి. అంతలోనే పేలిపాయె. గుంజ జరగదు గదా. నేనే జరిగింటా."

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటి కూడా మిగలలేదు. కన్ను పోయినవాడు తనను క్షమించమని అడుగుతున్నాడు. గుంజ జరగదని నమ్మి, తన కాళ్ళను తానే అనుమానించుకుంటూ నలభై రోజులుగా కూర్చుని ఉన్నాడు. కరుణాకర్ బల్ల దిగి నేల మీద కూర్చున్నాడు. సంచిలోంచి గుంజ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"నువ్వు జరగల్యా ప్రతాపూ. గుంజే జరిగింది. ఆ పొద్దున నేనే జరిపినా. ఆ వీడియో చూసి అందరూ నవ్విరి గదా, ఓర్చుకోలేక జరిపినా. నీకు చెప్పల్యా. ఎవరికీ చెప్పల్యా. నువ్వు పడినాక పీకి దాచిపెట్టినా."

అనిత చేతిలో చింతపండు అట్లాగే ఆగిపోయింది. పొయ్యి దగ్గర చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుడిసె వెనకనుంచి వచ్చిన పాపయ్య అక్కడే నిలబడ్డాడు. ప్రతాప్ కళ్ళద్దాలు తీశాడు. మిగిలిన ఒక్క కంటితో గుంజను చూశాడు.

"ఎన్నడుగులు జరిపినావ్?"

"నాలుగు."

ప్రతాప్ గుంజను తీసుకుని వాకిట్లోకి నడిచాడు. ఒకచోట దాన్ని ఆన్చిపెట్టి, అక్కడినుంచి మడమకు వేళ్ళు తగిలిస్తూ రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఇంకో నాలుగు వేసి ఆగాడు, మళ్ళీ చూశాడు. కొట్టడానికే వస్తాడని కరుణాకర్ అనుకున్నాడు. కొట్టినా బాగుండేది. ప్రతాప్ ముఖం మాత్రం విచ్చుకుంది.

"నేను జరగల్యా!" అన్నాడు. ముందు తనలో తను అన్నట్టు, తర్వాత గట్టిగా. "అనితా, ఇనపడెనా? నాయనా, నేను జరగల్యా! నా తావులోనే నిలబడుంటి!" పక్క గుడిసెల వాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళకు కూడా చెప్పాడు. ఒక్కొక్కరికీ చెప్పాడు. కరుణాకర్ ఆ సంతోషాన్ని చూస్తూ నేల మీదే ఉండిపోయాడు. ఆ కన్ను పోయిన బాధకంటే ఆ గీత దాటానన్న బాధే ఎక్కువగా మోశాడని, దాన్ని అతని నెత్తిన పెట్టింది తన మౌనమేనని అప్పుడు అర్థమైంది.

అనిత సంతోషించలేదు. చింతపండు గంప పక్కకు తోసి లేచింది. "ఈ ఒక్క మాట చెప్పేకి నలభై దినాలు పట్టెనా నీకు? రాత్రుళ్ళు లేసి వాకిట్లో అడుగులు కొలుస్తా తిరిగినాడు ఈయన. పిచ్చి పట్టిందేమో అనుకుంటి నేను. నీకు అన్నం ఎట్ల దిగింది?"

"దిగల్యా" అన్నాడు కరుణాకర్.

"దిగకుంటే ఏం లాభం" అంది ఆమె.

పాపయ్య అప్పుడు నోరు విప్పాడు. పదిహేనేళ్ళు ఆ గుంజ పక్కనే పడిన మనిషి. "లెయ్" అన్నాడు. "ఈడ చెప్పినావ్, సరే. ఆడ గూడా చెప్పు. కాయితం మీద రాసిందాడ."

అదే పూట పాపయ్య, ప్రతాప్, అనితలతో కలిసి కరుణాకర్ జీపెక్కాడు. రామేశ్వరమ్మ వసారాలోకి వీళ్ళు అడుగుపెట్టేసరికి ఆమె సంతకాల కోసం ఆ కాగితాలే సర్దుకుంటోంది. శ్రీనివాసులును కూడా పిలిపించారు. కరుణాకర్ నిలబడే చెప్పాడు. ఇటుక పొడి మాట ఎత్తలేదు. గుంజ ఎక్కడినుంచి ఎక్కడికి జరిపిందీ, ఎందుకు జరిపిందీ, ఎప్పుడు పీకిందీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ శ్రీనివాసులు అతన్నే చూస్తూ ఉన్నాడు.

"గుంజ ఆడ్నే ఉండాదని పోస్తి గదప్పా" అన్నాడు చివరికి. "నిన్ను నమ్మి పోస్తి."

"నువ్వేమీ పోయవని నమ్మి నేను జరిపినా" అన్నాడు కరుణాకర్. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ, అది ఎంత పనికిమాలిన మాటో తెలియలేదు. మధ్యలో నిలబడినవాడు ఇద్దరినీ నమ్మాడు.

రామేశ్వరమ్మ ఆ కాగితాన్ని ముందుకు లాక్కుంది. ఒకప్పుడు పిల్లల పేపర్లు దిద్దిన ఎర్ర సిరా పెన్ను తీసింది. 'గీత దాటి' అన్న మాటను ఒకసారి కొట్టేసి, సరిపోలేదన్నట్టు మళ్ళీ కొట్టేసింది. కాగితం చిరిగింది. "నిజమనిపించేట్టు చేయమన్నది నేను. అదీ రాస్తా" అంది. "వచ్చే ఏడు తుపాకులుండవు. మేస్త్రీగా నువ్వూ ఉండవు కరుణాకర్." అతను తలూపాడు. అది తెలిసే వచ్చాడు.

"నీకేం కావల్ల ప్రతాపూ?" అని అడిగింది.

ప్రతాప్ తండ్రి వైపు ఒకసారి చూశాడు. "మా గూడెమోళ్ళు ఎప్పటిమాదిరే రావాల మేడమ్. నేనే పడ్తా, ఆ తావులోనే. ఒక్క కన్నుతోనైనా నాకు తెలుస్తాది. ఇంకోటి, మైకులో చెప్పాల. నేను గీత దాటల్యా అని అందరికీ ఇనపడేట్టు చెప్పాల."

"చెప్తా."

"జరిపినోళ్ళ పేరు?" అంది అనిత.

రామేశ్వరమ్మ పెన్ను ఆపి కరుణాకర్ వైపు చూసింది. ఉక్కపోతకు అతని పొడుగు చేతుల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"చెప్పండి మేడమ్" అన్నాడు. "ఇన్నేండ్లు నా పేరు మైకులో చెప్పినారు గదా. ఇదీ చెప్పండి."

ఆమె ఆ మాట కూడా రాసుకుంది.